పాఠం అమ్మానాన్నలకే

అమెరికాలో ఫ్లోరిడా దక్షిణపు కొసన, మయామీని ఆనుకుని హయలియా అనే ఊరుంది. నూటికి తొంభై మందికి పైగా స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్‌లే, అందులోనూ క్యూబన్లు ఎక్కువ. పొద్దున్నే కాఫీ కొట్టు కిటికీ ముందు నిలబడి, పంచదార నురగ తేలే చిక్కటి కాఫీ చిన్న చిన్న కప్పుల్లో తాగుతారు. తోడుగా జామ గుజ్జు కూరిన ‘పస్తెలీతో’ అనే పఫ్. ఇంట్లో అన్నం, నల్ల చిక్కుడు గింజల కూర, అరటికాయ వేపుడు. అమ్మమ్మ స్పానిష్‌లో అడుగుతుంది, మనవడు ఇంగ్లిష్‌లో జవాబిస్తాడు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్ల ఇళ్లలోనూ జరిగేదే ఇది.

ఈ హిస్పానిక్ మనవళ్ల ఒంటి బరువు గురించి అక్కడి డాక్టర్లకు చాలాకాలంగా బెంగ. 2017 నుంచి 2020 మార్చి వరకు సాగిన జాతీయ సర్వేలో, రెండు నుంచి పంతొమ్మిదేళ్ల వయసు హిస్పానిక్ పిల్లల్లో 26.2 శాతం మంది ఊబకాయులని తేలింది. దేశ సగటు 19.7. తప్పంతా అమ్మమ్మ వంటదే అంటే అన్యాయం. ఒక్క కూల్‌డ్రింక్ డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే సుమారు పది చెంచాలు. అది అమ్మమ్మ కలిపింది కాదు.

2023లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఓ మార్గదర్శకం ఇచ్చింది. ఊబకాయం ఉన్న పిల్లలకు మూడు నెలల నుంచి ఏడాది లోపు కనీసం 26 గంటల శిక్షణ, అదీ ముఖాముఖిగా, కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఇవ్వాలని. కాగితం మీద బాగుంది. పగలు హోటల్ గదులు తుడిచి, రాత్రి ఆఫీసులు ఊడ్చే తల్లి ఆ 26 గంటలు ఎక్కణ్నుంచి తెస్తుంది? ఆమె దగ్గర ఉన్నది ఫోన్ ఒక్కటే. 2021 నాటి ప్యూ పరిశోధన సంస్థ సర్వే ప్రకారం హిస్పానిక్ పెద్దల్లో నాలుగో వంతు మందికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఇంటర్నెట్ అంటే స్మార్ట్‌ఫోనే.

ఆ ఫోన్‌లోకి ఎక్కిన కార్యక్రమాల్లో పేరున్నది ‘ఫమీలియాస్ ఉనీదాస్’. ఇది మొదట బరువు కోసం పుట్టింది కాదు. దీని వేళ్లు 1970ల మయామీలో ఉన్నాయి. క్యూబా వదిలి వచ్చిన కుటుంబాలతో పనిచేస్తూ మనస్తత్వవేత్త హోసే షపోచ్నిక్ ఒక సంగతి పట్టుకున్నారు. కొత్త దేశం పిల్లలకు ఇట్టే ఒంటబడుతుంది, పెద్దలకు ఆలస్యంగా. ఆ ఎడంలోనే తగాదాలు, చెడు సావాసాలు పుట్టుకొస్తాయి. తర్వాత హిల్డా పాంటిన్, గియెర్మో ప్రాదో వంటి మయామీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఆలోచనకు కార్యక్రమం రూపం ఇచ్చారు. విచిత్రమేమిటంటే, బాగుపడాల్సింది పిల్లవాడైనా తరగతి మాత్రం తల్లిదండ్రులకు. తిట్టకుండా ఎలా అడగాలి, స్నేహితులెవరో ఎలా తెలుసుకోవాలి, బడితో ఎలా మాట్లాడాలి అన్నవి ముందు పెద్దలే నేర్చుకుంటారు. ఆ తర్వాతే పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించి చూస్తారు.

ఇంటర్నెట్ రూపంలో ఎనిమిది పాఠాలు ముందే రికార్డు చేసిన వీడియోలు. మిగతా నాలుగు విడతల్లో శిక్షకురాలు వీడియోకాల్‌లో ఇంటివాళ్లతో నేరుగా మాట్లాడుతుంది. పాఠాలకు కలిపిన తాలింపు టెలినోవెలా, అంటే వాళ్ల టీవీ సీరియల్. సీరియల్ అనగానే మొహం చిట్లించే మేధావులు అక్కడా ఉండే ఉంటారు. కానీ కొడుకు జేబులో సిగరెట్ దొరికినప్పుడు ఏం చేయాలో కరపత్రం చదివించి నేర్పడం కంటే, తెర మీద ఇంకో తల్లి తడబడటం చూపించడం తేలిక. చూస్తున్నావిడ ‘అలా అరిస్తే వాడు తలుపేసుకోడూ?’ అనుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఫలితం ఉందా? మయామీ-డేడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలున్న 230 కుటుంబాల మీద ఈ ఆన్‌లైన్ రూపాన్ని పరీక్షించారు. ఏడాది తర్వాత మాదకద్రవ్యాలు, సిగరెట్ల వాడకం తగ్గింది, ఇంట్లో మాటామంతీ మెరుగైంది. తిండి, వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి కథ అంత సాఫీగా లేదు. ఇదే కార్యక్రమాన్ని బరువు సమస్యకు తగ్గట్టు మార్చి, ముఖాముఖి తరగతులతో అధిక బరువున్న పిల్లల కుటుంబాలను చేర్చి చూస్తే, పిల్లల్లో ఆశించినంత మార్పు రాలేదు. పళ్లూ కూరగాయలూ ఎక్కువ తినడం మొదలుపెట్టింది తల్లిదండ్రులు!

దీన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో సరుకులు కొనేది, పొయ్యి వెలిగించేది వాళ్లే కదా. అయితే పద్నాలుగేళ్ల వాడు తినేది ఇంట్లో ఒక్కచోటే కాదు. బడి క్యాంటీన్, మూలమీది కొట్టు, స్నేహితుడి కారు ఇవన్నీ తల్లి ఫోన్‌కు అందని చోట్లు. సిగరెట్ మానిపించడానికి ఒక్క మంచి సంభాషణ పనిచేయవచ్చు. తిండి విషయంలో రోజుకు మూడుపూటలా ఆ సంభాషణ జరగాలి.

ఇంకో చిక్కు ఖర్చు. వీడియో ఒకసారి తీస్తే వెయ్యి ఇళ్లకు పంపొచ్చు. ఆ నాలుగు వీడియోకాల్స్ అలా కాదు. స్పానిష్ వచ్చి, క్యూబన్ తల్లికీ కొలంబియా తల్లికీ తేడా తెలిసి, డ్యూటీ దిగి వచ్చాక వాళ్లకు వీలైన వేళే కాల్ చేసే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం కావాలి. పరిశోధన నిధులు ఉన్నంతకాలం విశ్వవిద్యాలయం ఇస్తుంది. గ్రాంటు ముగిశాక ఆ జీతం క్లినిక్ ఇవ్వాలా, బీమా ఇవ్వాలా అన్నది తేలకుండా అసలు కార్యక్రమం ఊరూరికీ వెళ్లదు. వీడియోలు మాత్రం వెళ్తాయి.