తపసి బంకకు గామా కిరణాల ముడి

జి.మాడుగుల: తపసి చెట్టును మన్యంలో ఎరగనివారుండరు. ఆకు రాల్చిన రోజుల్లో రాతిగుట్టల మీద తెల్లటి బెరడుతో దూరానికే కనిపిస్తుంది. గాటు పెడితే కారే బంకను ఎండబెట్టి, పుల్లా పెచ్చూ ఏరి, గిరిజన సహకార సంస్థకు అమ్మడం గిరిజనులకు అలవాటైన పని. 1956లో ఏర్పడిన ఆ సంస్థ కొన్న బంక విదేశాలకూ పోతుంది.

ఈ బంకను నీళ్లలో వేస్తే కరిగిపోదు, ఉబ్బి ముద్దవుతుంది. కట్టుడు పళ్లు కదలకుండా వేసే పొడిలోనూ, విరేచనం సాఫీగా అయ్యే మందుల్లోనూ దీన్ని వాడేది ఈ గుణం చూసే. పుండు మీద కట్టుగా నిలవాలంటే మాత్రం ఒట్టి ముద్ద పనికిరాదు, జారిపోతుంది. షిమ్లాలోని హిమాచల్ ప్రదేశ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అందుకే దీనికి బిగువు తెచ్చే దారులు వెతికారు. ఎక్రిలమైడ్ కలిపి చూశారు. 2011లో వెలువడిన మరో పరిశోధనలో నీట కరిగే రెండు ప్లాస్టిక్ పదార్థాలు కలిపి గామా కిరణాలతో ముడి వేశారు.

ఎక్రిలిక్ జాతి పదార్థాలన్నీ మొదట విడివిడి చిన్న అణువులే. ప్రతి అణువులో ఒక జంట బంధం ఉంటుంది. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణం తగిలితే కొన్ని బంధాలు తెగి, అణువుకు ఒక చేయి ఖాళీ అవుతుంది. ఆ చేయి పక్క అణువును పట్టుకుంటుంది, అది మరొకదాన్ని. పూసలు దండ అయినట్టు గొలుసు పెరిగి బంకకు అతుక్కుంటుంది. వేడి, వేరే రసాయనం అక్కర్లేదు. గామా కిరణాలు సోకినంత మాత్రాన సరుకు రేడియోధార్మికం కాదు. ఆ భయం అనవసరం.

మరి దండ పూర్తయిందో లేదో కంటికి తెలియదే! అక్కడికే వర్ణపట పరీక్ష వస్తుంది. సరుకు గుండా పరారుణ కాంతి పంపితే, ఒక్కో బంధం తనకు తగిన కాంతిని మింగి కాగితం మీద ఒక పల్లం గీయిస్తుంది. ఎక్రిలిక్ జంట బంధం పల్లం 1635 అంకె దగ్గర ఉంటుంది. అణువులు ముడిపడేకొద్దీ అది పూడుతుంది. పూడలేదంటే విడి ఎక్రిలమైడ్ మిగిలిందన్నమాట. అది నరాలకు విషం, పుండుకు తగలనివ్వరాదు. అలాగని కిరణాల మోతాదు పెంచేస్తే బంక గొలుసులే తెగి చిక్కదనం పోతుంది. అందుకే ఒక్కో మోతాదుకూ బొమ్మ తీసి చూడాలి.

కాంతితో అణువులను చదివే ఈ విద్య విశాఖకు కొత్తదేమీ కాదు. 1928లో రామన్ ఫలితం వెలువడినప్పుడు కలకత్తాలో ఆయన వద్ద పనిచేసిన సూరి భగవంతం తర్వాత వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. అక్కడినుంచే 1940లో ఆ విషయంపై ఆయన గ్రంథం వెలువడింది.

బెరడు, ఇసుక కలిసిన బంకకు ఈ పరీక్షలో వాటి పల్లాలూ పడతాయి. ధర కూడా రంగునూ శుభ్రతనూ బట్టే. గొడ్డలితో లోతుగా నరికిన చెట్టు ఎండిపోతుంది. చిన్న కత్తితో పైపైన పెట్టిన గాటు మానుతుంది, మరో ఏడాది మళ్లీ బంకనిస్తుంది.