చూడి బర్రె మేత - దూడ రోగనిరోధక శక్తి

బర్రె ఈనినదన్న మాట వినగానే ఇరుగుపొరుగువారు జున్నుపాల కొరకు గిన్నె పంపుట మన పల్లెలలో పాత అలవాటు. మొదటి పూట పాలు జున్నునకు పోవును. మాయ పడువరకు దూడను తల్లి దగ్గరకు పోనీయని ఇండ్లును కలవు. మొదటి నెలలో పారుడు, ఊపిరితిత్తుల వాపు, బొడ్డువాపు వలన చచ్చు దూడలలో చాల వాటికి చేటు ఈ మొదటి పూటనే మొదలగును.

మనుష్య శిశువునకు తల్లి రక్తములోని రోగనిరోధక పదార్థములు కడుపులో నుండగనే, ముఖ్యముగా చివరి 3 నెలలలో, మాయ ద్వారా చేరును. (అంతమాత్రమున బాలింత ముర్రుపాలు పిండి పారబోయరాదు. బిడ్డ ప్రేగులకు అవియే కావలి.) బర్రె, ఆవు, గొర్రె, మేకల మాయ వీటిని లోనికి పోనీయదు. కనుక దూడ దాదాపు ఏ రక్షణయు లేకయే నేలబడును. దానికి కావలసినదంతయు ముర్రుపాలలో నున్నది. 1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను శాస్త్రజ్ఞులు ముర్రుపాలు త్రాగించని దూడలలో ఎక్కువ భాగము చచ్చుట చూపిరి.

అప్పుడే పుట్టిన దూడ ప్రేగు ఈ పదార్థములను జీర్ణము చేయక, ఉన్నవి ఉన్నట్లే రక్తములోనికి వదలును. ఆ దారి గంట గంటకు ఇరుకై, 24 గంటలకు దాదాపు మూతపడును. తరువాత ఎన్ని పాలు పోసినను ఆ లోటు తీరదు. 30 కిలోల దూడకు మొదటి రోజున సుమారు 3 లీటర్లు కావలెను. అందు సగము 2 గంటలలోపలనే త్రాగించవలెను. మాయ కొరకు ఆగవలసిన పని లేదు. దూడ కుడుచుట వలన గర్భసంచి ముడుచుకొని, మాయ పడుటకును తోడ్పడును.

అయితే ముర్రుపాలు పొదుగులోనికి ఊరకయే రావు. ఈనుటకు ముందు కొన్ని వారములలో తల్లి రక్తమునుండి అవి కూడుకొనును. అదే కాలమున కడుపులోని దూడయు వేగముగా పెరుగును. పాలివ్వని బర్రెకు దాణా ఎందుకని చివరి 2 నెలలు ఒట్టి జొన్నచొప్పతో సరిపెట్టిన, ముర్రుపాలు తగ్గును. దూడ లేచి చన్ను పట్టుటకు సత్తువలేక పుట్టును. పాలు లేనప్పుడు దాణా కోయుట పొదుపు కాదు.

కావున ఈనుటకు 2 నెలల ముందే పాలు పితుకుట మానవలెను. రోజుకు ఇచ్చు దాణాకు తోడు కిలో నుండి కిలోన్నర వరకు అదనముగా నీయవలెను. తాండూరు పప్పు మిల్లులు దగ్గరనుండుట మన రైతులకు మేలు. కాని కంది పొట్టు వేరు, చున్ని వేరు. పొట్టులో పీచే ఎక్కువ. పప్పు నూక కలిసిన చున్నిలో మాంసకృత్తులు కలవు. చున్నికి తవుడు, వేరుశనగ పిండి చేర్చి, ఖనిజ లవణ మిశ్రమము 50 గ్రాములు కలుపవలెను. రాగి, జింకు లోపించిన పశువునకు రోగమును ఎదుర్కొను శక్తి తగ్గును. పచ్చిమేత కొంతయైనను తప్పదు. దూడకు విటమిన్ ఏ ముఖ్యముగా ముర్రుపాల ద్వారానే అందును. తల్లికి అది పచ్చిమేతనుండి రావలెను. ఎండాకాలమున ఈను బర్రెల విషయములో ఈ లోటు ఎక్కువగా కనబడును.

సంతలో నిండు చూడి బర్రెను కొనువారు మరొకటి గమనింపవలెను. తల్లి తానున్న కొట్టములోని రోగములకే రక్షణ తయారు చేసికొనును. రేపు ఈనుననగా నేడు తోలుకొని వచ్చిన బర్రె ముర్రుపాలలో మీ కొట్టపు రోగములకు తగిన రక్షణ తక్కువ. నెల, నెలన్నర ముందే కొనుట మంచిది. గొంతువాపు, గాలికుంటు టీకాలు చూడి పశువునకు ఎప్పుడు వేయించవలెనో పశువైద్యుని అడుగుడు.

జున్ను మానవలసిన పని లేదు. దూడ వాటా తీరిన తరువాత మిగిలిన పాలును, రెండవనాటి పాలును జున్ను అగును, కొంచెము మెత్తగా నుండును.

తల్లి పాలతో వచ్చునదంతయు మేలు కాదు. బర్రె దూడలకు ఏలికపాములు పాల ద్వారానే సోకును. రెండవ వారములో పశువైద్యుని సలహాపై నట్టల మందు త్రాగించి, అప్పటినుండి కొద్దికొద్దిగా లేత పచ్చిగడ్డి, దూడ దాణా నాకించుచుండవలెను.