డీఎల్ఎల్‌తో నేరుగా లింకు: పరీక్ష ఎక్కడ తప్పుతుంది?

విండోస్ ప్రోగ్రామ్ ఒక డీఎల్ఎల్‌లోని కోడ్‌ను వాడుకోవాలంటే, మామూలుగా ఆ డీఎల్ఎల్‌తో పాటు ఇంపోర్ట్ లైబ్రరీ అనే మరో ఫైలు కావాలి. ఏ పేరు ఎక్కడ దొరుకుతుందో లింకర్‌కు చెప్పేది అదే. గ్నూ లింకర్ 'ఎల్‌డీ' మాత్రం మింగ్‌డబ్ల్యూ, సిగ్విన్‌లలో ఆ ఫైలు లేకుండానే డీఎల్ఎల్‌ను తెరిచి, దాని ఎగుమతి పట్టికను చదివి పని ముగించగలదు. ఇంపోర్ట్ లైబ్రరీలో ఒక్కో పేరుకు ఒక్కో చిన్న ఆబ్జెక్టు ఉంటుంది కాబట్టి, పెద్ద లైబ్రరీల విషయంలో దీనివల్ల సమయం, మెమరీ బాగా మిగులుతాయి.

ఈ నేరు లింకును పరీక్షించే డీఎల్ఎల్‌లో ఫంక్షన్లు మాత్రమే పెడితే ఆ పరీక్ష దాదాపు దండగే. ఫంక్షన్ పిలుపును లింకర్ ఒక చిన్న జంప్ సూచన మీదుగా మళ్లిస్తుంది. వేరియబుల్‌కు ఆ వెసులుబాటు లేదు. పైగా ఎగుమతి పట్టికలో పేరు, చిరునామా తప్ప అది ఫంక్షనో వేరియబులో రాసి ఉండదు. చిరునామా ఏ సెక్షన్‌లో పడిందో చూసి ఎల్‌డీ ఊహిస్తుంది. అందుకే తొలి విలువ ఉన్న వేరియబుల్, లేనిది, మార్చకూడని స్థిరాంకం, మూడూ ఆ డీఎల్ఎల్‌లో ఉండాలి. ప్రోగ్రామ్ వేరియబుల్‌ను మార్చాక డీఎల్ఎల్‌లోని ఫంక్షన్ ఆ కొత్త విలువనే చదవాలి. అలా చూడకపోతే ప్రోగ్రామ్, డీఎల్ఎల్ రెండూ వేర్వేరు ప్రతులతో పనిచేస్తున్నా బయటపడదు.

అర్రేలో మూడో అంశాన్ని నేరుగా అడగడం ఇంకా గట్టి పరీక్ష. చిరునామాకు కొంత దూరం కలపాలి కాబట్టి పాత ఎల్‌డీ దీనికి ఒప్పుకునేది కాదు. తర్వాత ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే ఆ చిరునామాలను సరిదిద్దే పద్ధతి వచ్చింది. అయితే 64 బిట్లలో డీఎల్ఎల్ ప్రోగ్రామ్‌కు 2 జీబీకి మించిన దూరంలో లోడైతే 32 బిట్ల సవరణ సరిపోక ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు.

అసలు ఉచ్చు వేరే ఉంది. 'ఎల్' ఆప్షన్‌తో లైబ్రరీ పేరిస్తే ఎల్‌డీ ముందు ఇంపోర్ట్ లైబ్రరీ కోసమే వెతుకుతుంది. ఫోల్డర్‌లో పాతది మిగిలి ఉంటే పరీక్ష నెగ్గుతుంది, పరీక్షించాల్సింది మాత్రం జరగదు. తయారైన ప్రోగ్రామ్‌ను ఆబ్జ్‌డంప్ అనే సాధనంతో చూసినా తేడా తెలియదు, ఎలా లింకు చేసినా అదే డీఎల్ఎల్ పేరు కనిపిస్తుంది. 'ట్రేస్' ఆప్షన్ ఇచ్చి, లింకర్ ఏ ఫైలు తెరిచిందో చూడాలి.

స్ట్రిప్ చేసిన, అంటే సింబల్ సమాచారం తీసేసిన, డీఎల్ఎల్‌తోనూ లింకు కుదరాలి. విండోస్ లోడర్‌కు కావాలి కాబట్టి ఎగుమతి పట్టిక చెరగదు. 32 బిట్లలో కెర్నెల్32 వంటి సిస్టమ్ డీఎల్ఎల్‌ల సంగతి వేరు. ప్రోగ్రామ్ అడిగే ఎస్‌టీడీకాల్ పేర్ల చివర ఆర్గ్యుమెంట్ల బైట్ల సంఖ్య ఉంటుంది, డీఎల్ఎల్‌లో ఉండదు. అక్కడ ఇంపోర్ట్ లైబ్రరీయే వాడతారు.