ఉక్కు నగరంలో సబ్బు లెక్క
ధర తక్కువైనది చవక కాదు. ఉతుకుకు ఎంత పడిందన్నదే అసలు లెక్క

జంషెడ్‌పూర్: నెల మొదటి వారంలో కిరాణా చీటీ వ్రాసేటప్పుడు బియ్యం, కందిపప్పు, నూనె ధరల గురించి రూపాయి రూపాయి లెక్క చూసుకొనే కుటుంబాలు, అదే చీటీ చివర వ్రాసుకొనే బట్టల సబ్బు, సబ్బుపొడి, నీలిమందు, ఫినాయిలు, గిన్నెల సబ్బు విషయంలో అంత శ్రద్ధ చూపవు. ఒక్కొక్కటి చిన్న మొత్తమే కావడం ఇందుకు కారణం. అయితే చీటీలోని ఆ చివరి అయిదారు పంక్తులను కలిపి కూడితే, ఏడాదికి తేలే మొత్తం పరిమిత ఆదాయంపై ఆధారపడిన సంసారానికి చిన్నదేమీ కాదు.

ఈ లెక్కకు జంషెడ్‌పూర్‌లో మరింత ప్రాధాన్యం ఉంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన ఈ పట్టణం నడిబొడ్డునే ఉక్కు కర్మాగారం ఉన్నది. 1907లో కంపెనీ ఏర్పడగా, 1912లో ఇక్కడ ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైంది. 1919లో సాక్చీ గ్రామం జంషెడ్‌పూర్‌గా, కాలీమాటీ స్టేషను టాటానగర్‌గా మారాయి. కర్మాగారంలో కూలికి, నౌకరికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి, గంజాం వైపు నుంచి తరలివచ్చిన తెలుగువారు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరం వారి సామూహిక జీవనానికి గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నది. కొలిమి వేడికి, ముడిఖనిజం ధూళికి, యంత్రాల జిడ్డుకు గురయ్యే షిఫ్టు దుస్తులను ఉతకడం కార్మిక కుటుంబాల్లో వారానికి ఒకసారి పని కాదు, నిత్యకృత్యం.

పదవీ విరమణ చేసినవారి సమస్య వేరు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛనును 2014లో నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ఇటువంటి స్వల్ప పింఛనుపైనా, భవిష్యనిధి సొమ్ముపై వచ్చే వడ్డీపైనా బతికే దంపతులకు, కాంట్రాక్టు పనివారి కుటుంబాలకు నెలకు వంద రూపాయలు మిగలడమంటే రెండు రోజుల కూరగాయలు మిగలడమే.

సబ్బుపొడి వెనుక ప్రపంచ విపణి

బట్టల సబ్బు ధర పెరిగినప్పుడల్లా దుకాణదారుని నిందించడం పరిపాటి. కానీ ఆ ధర నిర్ణయమయ్యేది చాలా దూరాన. సబ్బు తయారీకి ముఖ్యమైన తాటినూనె, అనగా పామాయిల్, అధికభాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి దిగుమతి అవుతుంది. 2022 ఏప్రిల్ చివరలో ఇండోనేషియా తన నూనె ఎగుమతులను నిషేధించి, మే నెల మూడో వారం దాటేవరకు కొనసాగించినప్పుడు ఆ దెబ్బ మన స్నానపు గదుల వరకూ తగిలింది. ఇక సబ్బుపొడిలో మురికిని విడదీసే ప్రధాన రసాయనం కిరోసిన్ నుంచి వేరుచేసిన పదార్థంతోను, బెంజీన్‌తోను తయారవుతుంది. కనుక ముడి చమురు ధర పెరిగితే సబ్బుపొడి ధరా కదులుతుంది. మూడవ ముఖ్య సరుకు సోడా యాష్. గుజరాత్‌లోని మిఠాపూర్‌లో 1939లో స్థాపితమైన టాటా కెమికల్స్ దేశంలో దీని ప్రధాన ఉత్పత్తిదారుల్లో ఒకటి.

టాటాల పేరుకు, సబ్బుకు ఉన్న సంబంధం అంతకంటె పాతది. 1917లో నెలకొన్న టాటా ఆయిల్ మిల్స్ కంపెనీ తయారుచేసిన 501 బట్టల సబ్బు, హమామ్ స్నానపు సబ్బు అనేక దశాబ్దాలపాటు మధ్యతరగతి ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. నష్టాల్లో పడిన ఆ సంస్థను హిందుస్థాన్ లీవర్‌లో విలీనం చేసేందుకు 1993లో నిర్ణయం జరిగింది. ఉద్యోగ సంఘం న్యాయస్థానానికి వెళ్లగా, 1994లో సుప్రీంకోర్టు విలీనాన్ని సమర్థించింది.

వినియోగదారునికి నిజమైన ఊరట మరో దిక్కు నుంచి లభించింది. 1959లో హిందుస్థాన్ లీవర్ 'సర్ఫ్' పొడిని ప్రవేశపెట్టినప్పుడు అది సంపన్నుల సరుకు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయి పటేల్ ఇంటి వెనుక తయారుచేసి, సైకిలుపై తిరుగుతూ అమ్మిన 'నిర్మా' ధర ఆ పొడి ధరలో మూడో వంతుకు కూడా రాలేదు. పోటీకి తట్టుకోవడానికి పెద్ద కంపెనీ 1980 దశకం చివరలో 'వీల్' అనే చవక పొడిని తేక తప్పలేదు. సామాన్యుడు చవక సరుకువైపు మొగ్గితే విపణి దిగివస్తుందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

పొట్లం మీద చదవవలసినది

నేటి వినియోగదారుడు ముందుగా చేయవలసిన పని ప్రకటన చూడడం కాదు, పొట్లంపై అచ్చువేసిన చిన్న అక్షరాలను చదవడం. 5 రూపాయలకు, 10 రూపాయలకు అమ్మే చిన్న పొట్లాల ధరను కంపెనీలు తరచు మార్చవు. ముడి సరుకు ప్రియమైనప్పుడు లోపలి గ్రాములను తగ్గిస్తాయి. ధర పెరగలేదన్న భ్రమలో మనం తక్కువ సరుకు కొంటాము.

ఈ మాయను ఛేదించే సాధనం చట్టంలోనే ఉన్నది. తూనికలు, కొలతలకు సంబంధించిన పొట్లపు సరుకుల నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించింది. నిర్ణీత పరిమాణాల్లోనే అమ్మాలన్న పాత నియమం తొలగిపోయింది. దానికి బదులుగా గరిష్ఠ ధరతోపాటు ప్రమాణానికి ఎంత ధర అన్నది కూడా ముద్రించాలన్న నియమం వచ్చింది. కిలోకు తక్కువైన పొట్లంపై గ్రాము ధర, కిలోకు మించిన పొట్లంపై కిలో ధర ఉంటాయి. పోల్చడంలో చిక్కు ఇక్కడే ఉంది. చిన్న పొట్లంపై గ్రాముకు 0.12 రూపాయలు అని, పెద్ద సంచిపై కిలోకు 95 రూపాయలు అని ఉన్నాయనుకుందాం. చూపుకు మొదటిదే చవకగా తోస్తుంది. వెయ్యితో హెచ్చవేస్తే అది కిలో 120 రూపాయలని తేలుతుంది.

పెద్ద సంచి ఎల్లప్పుడూ లాభమేనని కూడా అనుకోరాదు. కొన్నిసార్లు మధ్య పరిమాణపు పొట్లంపై ఇచ్చే రాయితీ పెద్ద సంచిని మించిపోతుంది. పైగా వానాకాలపు తేమకు గడ్డకట్టే పొడిని కొని, మూత గట్టిగాలేని డబ్బాలో ఉంచితే పొదుపు నీళ్లపాలే. పన్ను విషయమూ గుర్తుంచుకోదగినది. 2017 జూలైలో వస్తుసేవల పన్ను మొదలైనప్పుడు సబ్బుపొడిపై 28 శాతంగా ఉన్న రేటును అదే సంవత్సరం నవంబరులో 18 శాతానికి తగ్గించారు. పన్ను మారిన ప్రతిసారీ పాత ధరను, కొత్త ధరను పోల్చి చూసుకొనే హక్కు కొనుగోలుదారునికి ఉన్నది.

నురుగు కాదు, కొలత

సరుకు చవకగా తెచ్చుకున్నా, అసలు నష్టం వాడకంలో జరుగుతుంది. నురుగు ఎంత ఎక్కువ వస్తే బట్ట అంత శుభ్రమవుతుందన్నది పాతుకుపోయిన అపోహ. మురికిని తీసేది నురుగు కాదు. ఎక్కువైన పొడి బట్టలోనే మిగిలి దానిని బిరుసుగా, మసకగా చేస్తుంది. దానిని వదిలించడానికి మరి రెండు బకెట్ల నీరు, మరికొంత శ్రమ అవసరమవుతాయి.

ఉదాహరణకు, నెలకు 20 సార్లు బట్టలు ఉతికే ఇంటిలో ప్రతిసారీ గుప్పెడు చొప్పున 50 గ్రాముల పొడి వేస్తే నెలకు కిలో పడుతుంది. అదే మురికికి 30 గ్రాములు సరిపోతే, 600 గ్రాములతో నెల గడుస్తుంది. ఏడాదికి మిగిలేది 4 కిలోల 800 గ్రాములు. కాబట్టి డబ్బాలో గుప్పెటకు బదులు ఒక చెంచానో, చిన్న గిన్నెనో కొలతగా ఉంచుకోవడం ఖర్చులేని ఉపాయం.

నీటి స్వభావమూ ముఖ్యమే. కంపెనీ కాలనీలకు నదీజలం శుద్ధిచేసి గొట్టాల ద్వారా వస్తుంది. బోరు బావులపై, చేతి పంపులపై ఆధారపడిన బస్తీలలో నీరు కఠినంగా ఉన్నచోట సాధారణ సబ్బు నురుగుకు బదులు తెల్లని తెట్టు కడుతుంది. సబ్బులో కొంత భాగం నీటిలోని సున్నానికే ఖర్చయిపోతుంది. అటువంటి నీటిలో ముందుగా కొద్దిగా చాకలి సోడా కరిగిస్తే తక్కువ సబ్బుతో పని జరుగుతుంది. పూర్వం మన రజకులు రేవుల వద్ద వాడిన చౌడు మన్నులో పనిచేసినది కూడా ఇటువంటి క్షారమే. అయితే పట్టుబట్టలకు, ఉన్నికి సోడా తగలరాదు. వాటికి నానబెట్టి పిసికిన కుంకుడుకాయల రసమే క్షేమం. అల్యూమినియం పాత్రలను కూడా సోడా నల్లబరచి తినివేస్తుంది.

షిఫ్టు దుస్తుల సంగతి

కర్మాగారపు దుస్తులను తడిపిన తరువాత దులపడం వల్ల ప్రయోజనం లేదు. పొడిగా ఉన్నప్పుడే ఇంటి బయట దులిపితే ధూళిలో అధికభాగం రాలిపోతుంది. జిడ్డు మరకలపై బట్టల సబ్బు బిళ్లను నేరుగా రుద్ది, అరగంట నానబెట్టి, ఆపై పొడినీటిలో వేస్తే బ్రష్షుతో బట్ట చిరిగేవరకు తోమవలసిన అవసరం ఉండదు. వీటిని పసిపిల్లల బట్టలతో కలపకుండా వేరుగా ఉతకడం మంచిది. చెమట, రక్తపు మరకలకు చల్లని నీరే వాడాలి; వేడినీటికి ఆ మరక గట్టిపడుతుంది. ఇనుప తుప్పు మరకలకు బ్లీచింగ్ పొడి వేస్తే మరక పోకపోగా స్థిరపడుతుంది. నిమ్మరసం పట్టించి కొంతసేపు ఉంచి, బాగా జాడించడం సరియైన మార్గం.

యంత్రం ఉన్నవారికి వేరొక లెక్క. 50 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 2 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. నెలకు 12 సార్లు అలా ఉతికితే 24 యూనిట్లు నీరు కాచడానికే పోతాయి. నిత్యం వాడే బట్టలకు చల్లని నీరు చాలు. యంత్రాన్ని సగం నింపి తిప్పడం, ఎండ కాసే రోజున కూడా ఆరబెట్టే యంత్రాన్ని ఆశ్రయించడం దుబారాయే. ఛోటా నాగపూర్ ఎండను మించిన ఉచిత సాధనం లేదు. రంగు బట్టలను మాత్రం తిరగవేసి నీడపట్టున ఆరవేయాలి.

ఇల్లు శుభ్రం - ప్రాణం భద్రం

నేలకు ఒక సీసా, అద్దానికి ఒకటి, వంటగట్టుకు ఒకటి, గిన్నెలకు ఒకటి అంటూ విడివిడిగా కొనే ద్రవాలలో చాలావాటికి ఒకే సబ్బునీరు బదులు చెప్పగలదు. అద్దాలకు తడిపిన పాత వార్తాపత్రిక చాలు. రాగి, ఇత్తడి సామానుకు చింతపండు, కుళాయిలపై పేరుకున్న తెల్లని సున్నపు పొరకు నిమ్మచెక్క మన వంటింట్లో ఉన్నవే. వంటసోడాను, వెనిగరును కలిపి వాడితే రెట్టింపు ఫలితమన్న ప్రచారం సరికాదు. ఒకటి క్షారం, మరొకటి ఆమ్లం. పొంగు చూపి రెండూ పరస్పరం బలాన్ని కోల్పోతాయి.

పొదుపు పేరిట చేయకూడని పనులు కూడా ఉన్నాయి. మరుగుదొడ్డి శుభ్రతకు వాడే ఆమ్లాన్ని బ్లీచింగ్ పొడితో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడని చిన్న స్నానపు గదిలో ఇది ప్రాణాంతకం. అమ్మోనియా ఉన్న ద్రవంతోను బ్లీచింగ్‌ను కలపరాదు. విడిగా దొరికే ఆమ్లాన్ని, ఫినాయిలును చల్లని పానీయాల సీసాలలో పోసి ఉంచడం పిల్లలున్న ఇంట్లో క్షమించరాని నిర్లక్ష్యం. పది రూపాయలు మిగిల్చి ఆసుపత్రికి వేలు చెల్లించడం పొదుపు అనిపించుకోదు.

మరొక ఖర్చు ఏ చీటీలోనూ కనిపించదు. అది ఇంటి స్త్రీ శ్రమ. క్షారం ఎక్కువైన నాసిరకం పొడి అరచేతులను పగిలేలా చేస్తే, కిలోకు మిగిలిన ఇరవై రూపాయలు మందుకే సరిపోతాయి. సోడా నీటిలో చేయి పెట్టేటప్పుడు రబ్బరు తొడుగులు ధరించడం, నీళ్లు మోయడంలో, బరువైన షిఫ్టు దుస్తులు పిండడంలో మగవారు చేయి కలపడం కూడా ఈ లెక్కలో భాగమే.

ఉగాదికి, దసరాకు ఇల్లంతా కడిగి కొత్తదనం తెచ్చుకొనే సంప్రదాయం ఉక్కు నగరపు తెలుగు ఇళ్లలోనూ ఉన్నది. ఈసారి ఆ పనితోపాటు ఒక నెల చీటీని ముందుంచుకొని మూడు అంకెలు వ్రాసి చూడవచ్చు: కిలో ధర ఎంత, ఒక ఉతుకుకు పట్టిన గ్రాములు ఎన్ని, నెలకు ఎన్ని ఉతుకులు. ఈ మూడింటిని హెచ్చవేసి, వచ్చినదానిని గ్రాములనుబట్టి వెయ్యితో భాగిస్తే ఆ ఇంటి నెలసరి సబ్బుపొడి ఖర్చు తేలుతుంది. మొదటి అంకె కంపెనీ చేతిలోను, ప్రభుత్వం చేతిలోను, ప్రపంచ విపణి చేతిలోను ఉన్నది. రెండవ అంకె మాత్రం పూర్తిగా మన చేతిలోని చెంచాను బట్టి ఉంటుంది.