కాలువల్లో పడవలు మళ్లీ తిరగాలంటే.. ఖర్చు ఎవరిది? బాధ్యత ఎవరిది?

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, వాటితో పాటు గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 2008లో కేంద్రం 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. 2016 చట్టంతో దేశంలో ఇలాంటి మార్గాలు 111 అయ్యాయి. పేరైతే వచ్చింది. మరి సరుకు పడవలేవి?

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలనూ నడిపాయి. తర్వాత రైళ్లు, లారీలు వచ్చాయి. కాలువల్లో పూడిక పేరుకుంది, లాకులు పాడయ్యాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

మనం కొనే పెట్రోలు, డీజిల్‌పై సెస్సు ఉంటుంది. అలా వచ్చే కేంద్ర రోడ్డు నిధిలో 2.5 శాతం జలమార్గాలకు ఇవ్వాలని 2017లో నిర్ణయించారు. మరుసటి ఏడాది ఆ నిధి పరిధిని పెంచారు. ఇప్పుడు ఏ రంగానికి ఎంత అన్నది ఆర్థిక మంత్రి నేతృత్వంలోని కమిటీ చేతిలో ఉంది. అంటే జలమార్గాలకు ఖాయమైన వాటా లేదు.

పెద్ద మొత్తాలు గంగానది వైపే వెళ్తున్నాయి. అక్కడి పథకానికి ప్రపంచ బ్యాంకు సాయంతో 5,369 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 2024 డిసెంబర్‌లో వచ్చిన 'జలవాహక్' పథకం సరుకు రవాణా ఖర్చులో 35 శాతం దాకా తిరిగి ఇస్తుంది. అది 1, 2, 16 జలమార్గాలకే. మన 4వ మార్గం అందులో లేదు. 2017లో ముక్త్యాల-విజయవాడ మధ్య 82 కిలోమీటర్ల పనికి శంకుస్థాపన మాత్రం జరిగింది.

నీళ్లు ఎవరి చేతిలో?

రాజ్యాంగం ప్రకారం జాతీయ జలమార్గాల్లో నౌకాయానం కేంద్రానిది. సాగునీరు, కాలువలు రాష్ట్రానివి. వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. నీళ్లే లేనప్పుడు ఎంత పూడిక తీసినా పడవ కదలదు. అలాగని పడవల కోసం నీళ్లు వదిలితే రైతు ఊరుకుంటాడా?

భద్రత సంగతీ ఇంతే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక పడవ మునిగి 40 మందికి పైగా చనిపోయారు. 2021 చట్టం పడవల రిజిస్ట్రేషన్, తనిఖీల బాధ్యత రాష్ట్రాల మీద పెట్టింది. దానికి సిబ్బంది కావాలి, ఏటా నిధులు కావాలి.

కాబట్టి ఓట్లడగడానికి వచ్చే నాయకులను శంకుస్థాపన ఎప్పుడని కాదు, మూడు మాటలు అడగాలి. పూడిక తీతకు ఏటా ఎంత ఇస్తారు? కాలువకు నీళ్లు ఏయే నెలల్లో ఉంటాయి? ప్రమాదం జరిగితే జవాబుదారీ ఎవరు?