లెన్స్ మీద చెక్కని అంకె

36 ఫొటోలు వచ్చే 35 ఎం.ఎం. రీలు ఒకటి విప్పి పరిస్తే సుమారు 80 చదరపు అంగుళాల ఫిల్ము ఉంటుంది. 4×5 అంగుళాల షీట్లు నాలుగు పక్కపక్కన పేర్చినా అంతే. 8×10 అంగుళాలదైతే ఒక్క షీటే అంత. కడగడానికి పట్టే మందు కూడా దాదాపు సమానం. లార్జ్ ఫార్మాట్ కెమెరా కొనాలని మనసు పడ్డవాళ్ళు మొట్టమొదట వేసుకోవలసిన లెక్క ఇది. ఇన్నాళ్ళూ 36 సార్లు నొక్కినచోట ఇకమీద నాలుగుసార్లే నొక్కుతారు. ఈ బేరం నచ్చితేనే మిగతా లెక్కల్లోకి దిగడం మంచిది.

బదులుగా ఏం దక్కుతుంది? 35 ఎం.ఎం. నెగటివు 24×36 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. 4×5 షీటులో అంచులు ఫిల్మును పట్టి ఉంచే హోల్డర్ పట్టీల కింద దాగిపోగా బొమ్మ పడే చోటు సుమారు 95×120, అంటే 11,400. పదమూడు రెట్లు. గోడకు తగిలించే 16×20 అంగుళాల ప్రింటు తీయాలంటే చిన్న నెగటివును 17 రెట్లు పెంచాలి, దీన్ని నాలుగు రెట్ల పైచిలుకు పెంచితే చాలు. ఫిల్ము గ్రెయిన్ అంత తక్కువగా కనిపిస్తుంది, లెన్స్‌లోని లోపమూ అంత తక్కువగానే బయటపడుతుంది. యాభై ఏళ్ళనాటి లెన్స్‌తో ఈనాటికీ కళ్ళు చెదిరే ప్రింట్లు రావడానికి సగం కారణం ఇదే. మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తో 2,000 డీపీఐ దగ్గర స్కాన్ చేసినా 70 మెగాపిక్సెళ్ళ ఫైలు వస్తుంది.

కెమెరా విషయం త్వరగా తేల్చేయవచ్చు. ముందొక చట్రం, వెనకొక చట్రం, మధ్యలో మడతల బెలోస్. ముందు చట్రానికి లెన్స్, వెనక చట్రానికి గరుకు గాజు. బొమ్మ ఆ గాజు మీద తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా పడుతుంది; నల్లగుడ్డ కప్పుకుని భూతద్దంతో చూసి ఫోకస్ చేయాలి. ఇందులో బొమ్మ నాణ్యతను నిర్ణయించేది దాదాపు ఏమీ లేదు. అందుకని నా సలహా ఒకటే: డబ్బు లెన్స్ మీద పెట్టండి, పెట్టె మీద కాదు. పాత పెట్టె కొంటే మాత్రం రెండు చూడాలి. చీకటి గదిలో బెలోస్ లోపల టార్చి వేసి, మడతల మూలల్లో చిల్లుల్లోంచి వెలుతురు వస్తున్నదేమో చూడాలి. రెండోది గరుకు గాజు ఉన్న లోతు. 4×5 హోల్డర్‌లో ఫిల్ము కూర్చునే లోతు 5 మిల్లీమీటర్లు. గాజు గరుకు ముఖం కూడా సరిగ్గా అంతే లోతులో ఉండాలి. ప్రమాణం ఒప్పుకునే తేడా 0.18 మిల్లీమీటర్లే. మధ్యలో ఎవరైనా గాజు మార్చి తిరగేసి బిగించి ఉంటే గాజు మీద పదునుగా కనిపించిన బొమ్మ ఫిల్ము మీద మెత్తబడుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక లెన్స్‌ను తిట్టుకుంటారు.

పాత స్టూడియోలవాళ్ళ ఇంట్లో అటక మీద టేకు కెమెరా ఉంటే దాన్నే వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ అటకలకు మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆ స్టూడియో గాజు నెగటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. తర్వాతి తరాల్లో కేరళలోని ఆలప్పుళలో కరుణాకరన్ తయారుచేసిన వాగీశ్వరి కెమెరాలు దేశమంతా స్టూడియోల్లో నిలబడ్డాయి. చిక్కల్లా కొలతలతోనే. ఫుల్ ప్లేట్ అంటే 6½×8½ అంగుళాలు, హాఫ్ ప్లేట్ అంటే 4¾×6½. ఈ కొలతల్లో ఫిల్ము ఇప్పుడు మామూలు దుకాణంలో దొరకదు. ఆ కెమెరా వెనక 4×5 హోల్డర్ పట్టే చట్రం ఒక వడ్రంగి చేత చేయించుకోగలిగితే సరే, లేకపోతే దాన్ని హాల్లో అలంకారంగా ఉంచి, నేరుగా 4×5తోనే మొదలుపెట్టడం మేలు.

ఇక లెన్స్. ఫోకల్ లెంగ్త్ లెక్క తేలిక. 4×5 బొమ్మ మూల నుంచి మూలకు 153 మిల్లీమీటర్లు, 35 ఎం.ఎం. ఫ్రేముకు 43. కాబట్టి లెన్స్ అంకెను మూడున్నరతో భాగిస్తే మీకు అలవాటైన అంకె వస్తుంది. 150 అంటే 43 లాంటిది, అంటే మామూలు చూపు. 210 అంటే 60, మనుషుల ముఖాలకు బాగుంటుంది. 90 అంటే 26, బాగా వెడల్పు.

అయితే ఈ లోకంలో లెన్స్‌ను లెన్స్‌గా నిలబెట్టే అంకె ఇది కాదు, దాని పక్కన చెక్కిన ఎఫ్/5.6 కూడా కాదు. లెన్స్ వెనక పడే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రానికి ఉన్న వ్యాసాన్ని ఇమేజ్ సర్కిల్ అంటారు. చాలా లెన్సుల మీద దీన్ని ఎక్కడా చెక్కరు, పాత కేటలాగుల్లో వెతుక్కోవాలి. 35 ఎం.ఎం. కెమెరాకు ఈ అంకె అక్కరలేదు, ఎందుకంటే అక్కడ లెన్స్ కదలదు. ఇక్కడ ముందు చట్రం పైకి, కిందికి, పక్కకు జరుగుతుంది, వంగుతుంది. అసలు ఇంత బరువు మోసేది ఆ కదలికల కోసమే. లెన్స్ జరిగినప్పుడు గుండ్రం కూడా జరుగుతుంది. ఫిల్ము మూల దాని అంచు దాటితే ఆ మూల నల్లబడుతుంది.

ఎంత జరపవచ్చో పదో తరగతి పైథాగరస్ చెబుతుంది. ష్నైడర్ సిమ్మార్-ఎస్ 150, నికాన్ నిక్కోర్-డబ్ల్యూ 150 లాంటి ఎఫ్/5.6 లెన్సులకు ఎఫ్/22 దగ్గర గుండ్రం 210 మిల్లీమీటర్లు. సగం 105. షీటును నిలువుగా పెట్టామనుకుందాం: వెడల్పులో సగం 47.5, ఎత్తులో సగం 60. 105 వర్గంలోంచి 47.5 వర్గం తీసేసి వర్గమూలం తీస్తే 93.6. అందులో 60 పోతే మిగిలేది 33.6. అంటే లెన్స్‌ను 33 మిల్లీమీటర్లు పైకి జరపవచ్చు. ఇప్పుడు ష్నైడర్‌వారి పాత ఆంగులాన్ 90 ఎఫ్/6.8 తీసుకోండి. చిన్నది, తేలిక, చవక. దాని గుండ్రం 154. ఇదే లెక్క వేస్తే మిగిలేది 0.6 మిల్లీమీటరు. 4×5ను కప్పుతుంది అన్న మాట అబద్ధం కాదు, కాని కదలడానికి చోటే లేదు. అదే 90లో సూపర్ ఆంగులాన్ ఎఫ్/8కి గుండ్రం 216. పేరులో ఒక్క మాట తేడా, పనిలో 62 మిల్లీమీటర్ల తేడా.

ఆ 33 మిల్లీమీటర్ల విలువ గాలిగోపురం ముందు తెలుస్తుంది. 60 మీటర్ల దూరంలో కెమెరాను మట్టసంగా నిలబెట్టి 150 లెన్స్‌తో చూస్తే, లెన్స్ ఎత్తు నుంచి పైకి 24 మీటర్లు, కిందికి 24 మీటర్లు ఫ్రేములో పడతాయి. కింద 24 మీటర్లంటే దాదాపు అంతా నేలే, వృథా. మామూలు కెమెరా అయితే తల పైకెత్తుతాం, గోపురం వెనక్కి వాలిపోతుంది. ఇక్కడ కెమెరాను మట్టసంగానే ఉంచి లెన్స్‌ను 33 మిల్లీమీటర్లు పైకి జరిపితే 37 మీటర్ల ఎత్తుదాకా ఫ్రేములోకి వస్తుంది, గోపురం నిటారుగా నిలబడుతుంది.

1912 నుంచి 1973 దాకా తయారైన స్పీడ్ గ్రాఫిక్ ప్రెస్ కెమెరాలతో వచ్చిన 127, 135 లెన్సులు చవకగా దొరుకుతాయి. పత్రికలవాళ్ళు కెమెరాను చేత్తో పట్టుకుని ఎదురుగా ఉన్న మనిషిని తీసేవారు, జరపడంతో వాళ్ళకు పనిలేదు. ఆ లెన్సుల గుండ్రాలు కూడా అంతకు తగ్గట్టే ఉంటాయి. మీరు తీసేది కూడా మనుషుల్నే అయితే నిక్షేపంగా కొనండి.

వంచడం ఇంకో రకం లాభం. ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైమ్‌ప్‌ఫ్లూగ్ 1904లో పేటెంటు తీసుకున్న సూత్రం ప్రకారం, లెన్స్‌ను కొద్దిగా ముందుకు వంచితే ఫోకస్ అయ్యే తలం కూడా నేల మీదికి వాలుతుంది. ఎంత వంచాలి? ఫోకల్ లెంగ్త్‌ను నేల నుంచి లెన్స్ ఎత్తుతో భాగించాలి. 150 మి.మీ. లెన్స్, 1,500 మి.మీ. ఎత్తు: పదో వంతు, అంటే 5.7 డిగ్రీలు. గట్టు మీద నిలబడి తీస్తే కాళ్ళ దగ్గరి వరి దుబ్బు నుంచి దూరపు కొండదాకా పదును వస్తుంది. కొత్తవాళ్ళు 15, 20 డిగ్రీలు వంచేసి ఏదీ ఫోకస్ కావడం లేదంటారు. మధ్యలో నిలువుగా తాటిచెట్టు ఉంటే దాని తల మెత్తబడుతుంది, అప్పుడు అపర్చర్‌ను ఇంకా మూయాలి.

మూయడం ఇక్కడ నిత్యకృత్యమే. 150 లెన్స్‌ను ఎఫ్/5.6 దగ్గర ఉంచితే దూరమంతా పదునుగా రావడానికి 40 మీటర్ల దగ్గర ఫోకస్ చేయాలి, పదును 20 మీటర్ల నుంచే మొదలవుతుంది. ఎఫ్/22 దగ్గర 10 మీటర్ల మీద ఫోకస్ చేస్తే 5 మీటర్ల నుంచి పదును. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ తదితరులు తమ బృందానికి ఎఫ్/64 అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. కాని 4×5కు ఎఫ్/22, తప్పకపోతే ఎఫ్/32 దగ్గర ఆగడం మంచిది. ఆపైన వెలుతురు ఆ చిన్న రంధ్రంలో చెదిరి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది.

లెన్స్ షట్టర్‌తో కలిసే వస్తుంది: షట్టర్ ముందొక గాజు గుత్తి, వెనకొక గుత్తి మరలతో బిగించి ఉంటాయి. ఎక్కువగా కనిపించే కొపాల్ షట్టర్ల సైజులు మూడు. బోర్డులో 0కు సుమారు 34.6 మి.మీ. రంధ్రం, 1కి 41.6, 3కి 65. 0 షట్టర్ 1/500 దాకా వెళ్తుంది, 1 షట్టర్ 1/400, 3 షట్టర్ 1/125 మాత్రమే. పాత షట్టర్ కొనేటప్పుడు అమ్మేవాళ్ళ మాట వినకండి, మీ ఫోనును వాడండి. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి, షట్టర్ తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. సెకనుకు 240 రావాలి, 1/4కు 60, 1/30కి 8. సెకను దగ్గర 300 వచ్చిందంటే స్టాపులో మూడో వంతు ఆలస్యం. నలుపు తెలుపు ఫిల్ముకు అదేం లెక్కలోది కాదు. ఐదుసార్లు కొడితే ఐదు వేర్వేరు అంకెలు వచ్చే షట్టర్‌ను మాత్రం వదిలేయండి. నూనె ఎండిపోయి ఆగుతూ నడిచేది ఏ అంచనాకూ అందదు.

బెలోస్ పొడవు కూడా లెన్స్ లెక్కలోనిదే. 300 మి.మీ. సాగే కెమెరాకు మామూలు 300 లెన్స్ పెడితే దూరపు కొండ తప్ప ఏదీ ఫోకస్ కాదు. 210 లెన్స్ అయితే 70 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళవచ్చు. బెలోస్ సాగినకొద్దీ వెలుతురు పలచబడుతుంది: సాగిన పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగించి వర్గం చేయాలి. 210తో మీటరున్నర దూరంలో మనిషిని తీస్తే బెలోస్ 244 అవుతుంది, ఎక్స్‌పోజర్ 1.35 రెట్లు. పువ్వును అసలు సైజులో తీస్తే 4 రెట్లు. ముఖాలకు దీన్ని మరిచిపోయినా గండం లేదు, పువ్వులకు ఉంది.

ఒక హోల్డర్‌లో రెండు షీట్లు, ఎటొకటి. ఐదు హోల్డర్లంటే పది ఫొటోలు, ఒక రోజుకు అంతకంటే ఎక్కువ అక్కరలేదు. పూర్తి చీకట్లో షీటును నిలువుగా పట్టుకున్నప్పుడు అంచు గాట్లు పైన కుడి మూలలో వేలికి తగిలితే మందు పూసిన ముఖం మీవైపు ఉన్నట్టు. హోల్డర్‌లో ఫిల్మును కప్పే డార్క్ స్లైడ్ తెల్ల అంచు బయటికి ఉంటే తీయని ఫిల్ము, నల్ల అంచు ఉంటే తీసింది.

ఇక ఫిల్ము: ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ ఐఎస్‌ఓ 125. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్/16 దగ్గర 1/125, ఎఫ్/22 దగ్గర 1/60. గాలికి కొబ్బరాకు ఊగితే అది చెరిగిపోతుంది, ఊగనీయండి. గుడి మండపంలో మాత్రం మీటరు మాట అలాగే నమ్మకూడదు. సెకను దాటాక ఫిల్ము బద్ధకిస్తుంది: మీటరు 10 సెకన్లంటే ఈ ఫిల్ముకు 18 ఇవ్వాలి, 30 అంటే 73. ఇల్‌ఫర్డ్ ఇచ్చిన సూత్రం మీటరు కాలాన్ని 1.26 ఘాతానికి పెంచమంటుంది. హెచ్‌పీ5 ప్లస్‌కు అది 1.31. ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి హోల్డర్ల సంచిలో పెట్టుకుంటే సరి.

కడగడం ఇంట్లోనే. ఐడీ-11 డెవలపర్‌ను సమానంగా నీళ్ళతో కలిపి, 20 డిగ్రీల దగ్గర ఎఫ్‌పీ4కు 11 నిమిషాలు. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్ళు ఆ దరిదాపుల్లో ఉండవు. మంచుముక్కలు డెవలపర్‌లో వేయకండి, పలచబడుతుంది. డెవలపర్ ట్రే కింద ఇంకో పెద్ద ట్రే పెట్టి అందులో వేయండి. పెట్టెకు 25 షీట్లు వస్తాయి. మొదటి పెట్టె మొత్తం ఒకే ఫిల్ము, ఒకే మందు, ఒకే 150 లెన్స్‌తో ఖర్చుపెట్టండి. ఫిల్మునూ మందునూ మధ్యలో మారిస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేలదు.

ఆ పెట్టె అయ్యాక రెండో లెన్స్ గురించి ఆలోచించవచ్చు. ఇళ్ళు, గుళ్ళు తీసేవాళ్ళు 216 గుండ్రం ఉన్న 90 ఎఫ్/8 వైపు చూస్తారు. 5.6తో పోలిస్తే గాజు మీద బొమ్మ సగం వెలుతురుతోనే కనిపిస్తుంది, కాబట్టి దళసరి నల్లగుడ్డ కావాలి. కొనేముందు మీ బెలోస్ 90 మిల్లీమీటర్లకు ముడుచుకుని కూడా పైకి జరిగే వీలుందో లేదో స్కేలు పెట్టి చూడండి. మడతలు ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుపోతే, లోపలికి గుంట ఉన్న లెన్స్ బోర్డు ధర కూడా ఆ లెన్స్ ఖర్చులో కలుపుకోవాలి.