బటన్ నొక్కినా బండి లేవదు, స్టీరింగ్ తిరగదు: తప్పు డ్రైవర్‌దేనా?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన సంగతే ఇక్కడ రాసి పెడుతున్నా. డ్యూటీలో ఆడియో వినడం కుదరనివాళ్ళు చదువుకోండి, ఫోన్‌లో దాచి పెట్టుకోండి. ఇలాంటి అవసరం చెప్పి రాదు.

నాకు జూలైలో వచ్చింది. మేడమ్‌ను జమియాకు తీసుకుపోయా. సామాన్లు డిక్కీలో పెట్టి, బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ వెలిగింది. అంతే, ఇంజన్ తిరగలేదు. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. మేడమ్ టాక్సీలో ఇంటికి పోయింది. సాయంత్రం బాబాది ఒకటే మాట: "సయ్యారా ఖర్బాన్. నువ్వే ఏదో చేశావ్. జీతంలో పట్టుకుంటా." వించ్ బండి మీద తీసుకుపోయిన మొదటి కరాజ్‌లో "కంప్యూటర్ పోయింది, 180 దీనార్లు" అన్నారు. నా జీతం 120.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు బాబాను బతిమాలి, షువైఖ్‌లో బండి కరెంటు పని చేసే మన నెల్లూరాయన ఒకరి దగ్గరికి బండిని మార్పించా. ఆయన చూపించింది చూశాక అర్థమైంది. పోయింది కంప్యూటర్ కాదు, స్టీరింగ్ కింద ఉన్న చిన్న తాళం.

ఆ తాళం ఎట్లా పని చేస్తుంది?

పాత బళ్ళలో తాళంచెవి తీస్తే లోపల ఒక ఇనుప గడియ స్టీరింగ్ రాడ్ గాడిలో పడేది. బటన్ స్టార్ట్ బళ్ళలో తిప్పడానికి చెవి లేదు కదా, అందుకని ఆ గడియను చిన్న కరెంటు మోటర్ జరుపుతుంది. మీరు బటన్ నొక్కగానే బండి ముందు మీ జేబులోని కీని గుర్తు పడుతుంది. తర్వాత మోటర్ గడియను వెనక్కి లాగుతుంది. లోపలి చిన్న స్విచ్‌లు "తాళం వదిలింది" అని కబురు పంపితేనే ఇంజన్‌కు అనుమతి వస్తుంది.

కాబట్టి మోటర్ అరిగినా, ఆ చిన్న స్విచ్ చెడినా, కరెంటు తక్కువైనా బండి లేవదు. ఒక్కోసారి గడియ నిజంగానే వెనక్కి వచ్చేసి ఉంటుంది, స్టీరింగ్ తిరుగుతుంది. కానీ స్విచ్ కబురు చెప్పదు, అప్పుడూ బండి లేవదు. ఇది వాడుతూ వాడుతూ వచ్చే అరుగుదల. డ్రైవర్ గట్టిగా తోలినందుకు వచ్చేది కాదు. 2007 తర్వాత వచ్చిన నిస్సాన్ ఆల్టిమాల్లో, మెర్సిడెస్ సి-క్లాస్‌లో ఈ జబ్బు మెకానిక్‌లందరికీ తెలిసిందే.

బండి ఆగిన చోటే ఇవి చూడండి

1. టైరు ఫుట్‌పాత్ అంచుకు ఒత్తుకుని ఉంటే గడియ గాడిలో బిగుసుకుంటుంది. ఒక చేత్తో స్టీరింగ్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా కదుపుతూ బటన్ నొక్కండి. సగం సార్లు కథ ఇక్కడే ముగుస్తుంది.

2. బ్యాటరీ చూడండి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. ఈ వేడికి బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. ఆగిన బండిలో బాగున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12 కంటే కిందికి పోతే ముందు ఇంకో బండి నుంచి కేబుల్ వేసి చూడండి.

3. కీలోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. చాలా బళ్ళలో కీని బటన్‌కు తాకించి పట్టుకుంటే బండి గుర్తు పడుతుంది.

4. చెవి పెట్టి వినండి. బటన్ నొక్కినప్పుడు స్టీరింగ్ కింద "టిక్" మనో "జీ" మనో చప్పుడు రావాలి. బ్యాటరీ బాగుండీ చప్పుడు రాకపోతే అనుమానం ఆ తాళం మీదే. ఒకరు బటన్ నొక్కుతుండగా ఇంకొకరు స్టీరింగ్ కింద తాళం ఉన్నచోట స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టితే, ఇరుక్కున్న మోటర్ ఒక్కోసారి కదులుతుంది. నా బండి అట్లాగే లేచింది. లేస్తే దారిలో ఎక్కడా ఆపకుండా నేరుగా కరాజ్‌కు పోండి. ఆపితే మళ్ళీ పట్టేయవచ్చు.

కరాజ్‌లో ఏం అడగాలి?

"బాడీ కోడ్లు చదివారా?" అని అడగండి. ఇంజన్ కోడ్లు మాత్రమే చదివే చవక యంత్రానికి ఈ తాళం కనబడకపోవచ్చు. ‘బి’ అక్షరంతో మొదలయ్యే కోడ్లు చూడాలి. నా బండికి లోపలి మోటర్ ఒక్కటి మార్చారు, 35 దీనార్లతో అయిపోయింది. తాళం మొత్తం మార్చాల్సి వస్తే దాన్ని బండి కంప్యూటర్‌తో జత కలపాలి. సెకండ్‌హ్యాండ్ ముక్క తెచ్చి బిగిస్తే చాలదు.

కొందరు "తాళం తీసేసి, కంప్యూటర్‌ను మోసం చేసే ముక్క పెడతాం" అంటారు. బండి మీది కాదు. యజమాని ఒప్పుకోకుండా సరే అనొద్దు. దొంగ భయం సరే, ప్రాణం సంగతి కూడా ఉంది. 1997 నుంచి 2004 వరకు తయారైన షెవర్లే కార్వెట్ కార్లను ఆ కంపెనీ 2004లో వెనక్కి పిలిచింది. స్టీరింగ్ తాళం వదలకుండానే బండి కదిలే ప్రమాదం ఉందని. ఈ తాళంతో ఆటలొద్దు. గడియ లోపల పడి ఉండగా వైర్లు కోయడం, స్టీరింగ్‌ను బలంగా తిప్పి విరగ్గొట్టడం అసలు చెయ్యొద్దు. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, పసుపు రంగు కనెక్టర్లు దానివే. వాటిని మీరు ముట్టుకోవద్దు.

జీతం మాట

ఇంటి వీసా, అంటే 20 నంబరు మీద ఉన్న హౌస్ డ్రైవర్లు ఇది గుర్తు పెట్టుకోండి. ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం యజమాని జీతంలో కోత పెట్టకూడదు. పెడితే పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్‌లో ఇంటి పనివాళ్ళ విభాగానికి ఫిర్యాదు చేసుకోవచ్చు. 18 నంబరు కంపెనీ వీసా వాళ్ళది వేరే చట్టం.

నేను మాత్రం చట్టం ఎత్తలేదు. బండి ఆగినప్పటి డాష్‌బోర్డు ఫోటో, స్కాన్ కాగితం, అరిగిపోయిన పాత మోటర్ మూడూ బాబా ముందు పెట్టా. నెల్లూరాయన ఫోన్‌లో అరబీలో చెప్పాడు. బాబా ఆ మోటర్‌ను కాసేపు చేతిలో తిప్పి చూసి, "హలాస్" అన్నాడు. ఆ నెల 120 దీనార్లూ చేతికొచ్చాయి, ఇంటికి పంపా.

కాబట్టి అన్నా, బండి ఆగగానే ముందు ఫోటో తియ్యండి. మార్చిన పాత ముక్కను కరాజ్‌లో వదిలిపెట్టి రావద్దు. నోటితో ఎంత చెప్పినా నమ్మని బాబా, ఆ ముక్కను చూస్తే నమ్ముతాడు.